నాన్నగారి మొండిపట్టు జీన్స్‌లోనే (జన్యువుల్లోనే) ఉందా? ఉంటే ఇక వాదించడం మానేయాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా చెప్పాలంటే మీ పరిస్థితి ఇది. మీది కదిరి. ఉద్యోగం వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నారు. అమ్మగారు పోయాక రెండేళ్ల కిందట నాన్నగారు మీ దగ్గరికి వచ్చేశారు. ఆయనకు 71 ఏళ్లు, రిటైరైన టీచర్. టీవీలో ఉరిశిక్ష మీద చర్చ వచ్చినా, మీరు మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు పెట్టినా, ఆదివారం బయటి నుంచి భోజనం తెప్పించినా ఇంట్లో గొడవే. ఆయన ఒక మాట అన్నారంటే ఇక అంతే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మీ ఎనిమిదేళ్ల పాపదీ అదే వరస. క్యాబేజీ వద్దంటే ఇంటిల్లిపాదీ బతిమాలినా ముట్టదు. "అన్నీ తాత జీన్సే" అంటున్నారు మీ ఆవిడ. అభిప్రాయాన్ని ఇంత గట్టిగా పట్టుకునే గుణం వంశపారంపర్యంగా వస్తుందా, వస్తే ఇక వాదించి లాభం లేదా, పాప కూడా ఇలాగే తయారవుతుందా అని అడిగారు. నాన్నగారితో రెండు వారాలుగా మాటల్లేవని చివర్లో రాశారు. మిగతా ప్రశ్న అంతా ఒక ఎత్తు, ఆ ఒక్క వాక్యం ఒక ఎత్తు. దాని గురించి కూడా రాస్తాను.

ముందు సూటిగా జవాబు. అవును, కొంత పుట్టుకతో వస్తుంది. అయితే అలా వచ్చేది అభిప్రాయం కాదు. దాని కింద ఉండే స్వభావం, శరీరపు తీరు వస్తాయి. ఆ పునాది మీద లేచిన అభిప్రాయాలు మిగతా వాటికంటే గట్టిగా ఉంటాయని, వాటిని కదిలించడం కష్టమని పరిశోధనల్లో తేలింది. కష్టం అన్నారు కానీ అసాధ్యం అనలేదు. మీరు మాట్లాడటం మానేయక్కర్లేదు. ఇప్పుడు వాదిస్తున్న చోటు మాత్రం సరైనది కాదు.

నేను బెంగళూరులో 20 ఏళ్లకు పైగా కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. జయనగర్‌లో కూర్చుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి తల్లిదండ్రులను ఇక్కడికి తెచ్చుకున్న కుటుంబాలు. పల్లెలో, చిన్న ఊళ్లో పెద్ద ఇల్లు, అరుగు, నలుగురు స్నేహితులు ఉన్న మనిషి రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లోకి వస్తే, ఆయన అభిప్రాయాలన్నీ తగిలేది ఒక్క కొడుక్కే. కాబట్టి మీ ఇంట్లో జరుగుతున్నదంతా జన్యువుల లెక్కలో వేయకండి. ఇది ముందే చెప్పి ఉంచుతున్నాను.

ఇక అసలు విషయం. మన భాషలో రెండు సామెతలు పక్కపక్కనే బతుకుతున్నాయి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అంటాం. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అనీ అంటాం. మొదటిది పుట్టుకను, రెండోది పెంపకాన్ని పట్టి చూపిస్తుంది. రెండూ నిజంలాగే కనిపిస్తాయి, ఎందుకంటే మామూలు ఇంట్లో ఈ రెంటినీ విడదీయలేం. తండ్రి జన్యువులు ఇచ్చాడు, తండ్రే పెంచాడు. కొడుకు తండ్రిలాగే ఉంటే అది దేనివల్ల?

విడదీసి చూడటానికి కవలలు ఉపయోగపడతారు. ఒకే పిండం రెండుగా విడిపోయి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు వేర్వేరు అండాల నుంచి పుట్టిన కవలలకు మామూలు అన్నదమ్ముల్లాగే సగటున సగం కలుస్తాయి. ఈ రెండు రకాల వాళ్లూ ఒకే ఇంట్లో, ఒకే కాలంలో పెరుగుతారు. ఏదైనా విషయం మీద మొదటి రకం కవలల అభిప్రాయాలు రెండో రకం వాళ్లకంటే బాగా ఎక్కువగా కలిస్తే, ఆ అదనపు పోలికకు కారణం చాలావరకు జన్యువులే అనుకోవచ్చు.

1986లో నికొలస్ మార్టిన్, లిండన్ ఈవ్స్, మరికొందరు కలిసి ఇలాంటి లెక్క ఒకటి ప్రచురించారు. దాదాపు 3,800 జతల ఆస్ట్రేలియా కవలలను రకరకాల సామాజిక విషయాల మీద అడిగారు. అభిప్రాయాల్లో జన్యువుల పాలు అంటూ ఉంటుందని అప్పట్లో చాలామంది నమ్మలేదు. తీరా చూస్తే విషయానికీ విషయానికీ చాలా తేడా వచ్చింది. మీ ఇంట్లో గొడవకు కారణమైన ఉరిశిక్షే ఆ పట్టికలో పైన ఉంది: మనుషుల మధ్య తేడాల్లో దాదాపు 51 శాతం జన్యువుల వల్ల అని తేలింది. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి చదువుకోవాలా అన్న విషయంలో అది 7 శాతమే. రెండూ సామాజిక విషయాలే, రెంటి మీదా జనం వాదించుకుంటారు, అయినా ఇంత తేడా. 2001లో జేమ్స్ ఓల్సన్ బృందం కెనడాలో 336 జతల కవలలను 30 విషయాల మీద అడిగితే 26 విషయాల్లో జన్యు ప్రభావం కనిపించింది. రోలర్ కోస్టర్ ఎక్కడం ఇష్టమా కాదా అన్నది కూడా అందులో ఉంది.

మీరు అడిగినది పట్టు గురించి. ఒక అభిప్రాయం మీద మనిషికి ఎంత పట్టు ఉంటుందన్నదానికి దగ్గరగా వెళ్లినవాడు ఏబ్రహం టెస్సర్. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సామాజిక మనస్తత్వవేత్త. ఆయన అంతకుముందు వచ్చిన కవలల లెక్కలు తీసుకుని, జన్యువుల పాలు ఎక్కువున్న విషయాలను, తక్కువున్న విషయాలను వేరు చేసి, విద్యార్థుల మీద ప్రయోగాలు చేశాడు. 1993లో ఆ వ్యాసం వచ్చింది. అందులో మూడు సంగతులు కనిపించాయి. జన్యువుల పాలు ఎక్కువున్న విషయాల మీద అడిగితే మనుషులు త్వరగా జవాబు చెప్పారు. పక్కవాళ్ల అభిప్రాయం వేరుగా ఉందని తెలిసినా తమది మార్చుకోవడానికి అంతగా ఒప్పుకోలేదు. అలాంటి విషయాల్లో తమతో ఏకీభవించే మనిషి మీద ఇష్టం ఎక్కువ పెంచుకున్నారు. కవలల మీద జరిగిన ఆ కెనడా అధ్యయనం కూడా ఇదే దిశలో సాగింది. తర్వాత 2012లో మార్క్ బ్రాంట్, జెఫ్రీ వెదరెల్ మరో కోణం చూపించారు: ఇలాంటి అభిప్రాయాలను మనుషులు రుచిలాగా, ఇష్టాయిష్టాల్లాగా కాకుండా ధర్మం, అధర్మం అన్నట్టు చూస్తారు.

టెస్సర్ చూసిన మూడో సంగతి దగ్గర కాస్త ఆగండి. మీ నాన్నగారితో ఉరిశిక్ష మీద విభేదించినప్పుడు ఆయనకు వినిపించేది "నా ఆలోచన వేరు" అని కాదు. "నేను మీవాడిని కాదు" అని. అందుకే టీవీ కట్టేశాక కూడా వేడి తగ్గదు. మీరు తర్కంతో మాట్లాడతారు, ఆయనకు అది బంధం తెగినట్టు తగులుతుంది. ఆ రెండు వారాల మౌనం ఉరిశిక్ష గురించి అయి ఉండదని నా నమ్మకం.

ఇప్పుడు ఆ 51 శాతం గురించి తప్పనిసరిగా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లే ఎక్కువగా పొరబడేది ఇక్కడ. మీ నాన్నగారి అభిప్రాయంలో సగం జన్యువులది, సగం పెంపకానిది అని దాని అర్థం కాదు. మీది కదిరి కాబట్టి వేరుశనగతోనే చెప్తాను. రకరకాల విత్తనాలు కలిసిపోయిన సంచి ఒకటి ఉందనుకోండి. సగం బోరు నీళ్లున్న చేలో వేశారు, సగం వాన కోసం ఆకాశం వైపు చూసే చేలో వేశారు. బోరు చేలో నీళ్లు అన్ని మొక్కలకూ సమానంగా అందుతాయి, కాబట్టి అక్కడ మొక్కకూ మొక్కకూ ఉన్న తేడా విత్తనం నుంచి వచ్చినదే. రెండు చేలనూ పోల్చితే మాత్రం ఆ తేడా నీళ్లది. ఇప్పుడు ఒక్క మొక్కను పీకి, "ఈ కాయల్లో ఎన్ని విత్తనానివి, ఎన్ని నీళ్లవి" అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థమే లేదు. కవలల లెక్క కూడా అంతే. అది ఒక గుంపులో మనుషుల మధ్య తేడాల గురించి చెప్తుంది. ఒక్క మనిషి గురించి, అందులోనూ మీ నాన్నగారి గురించి, ఏమీ చెప్పదు.

ఇంకొకటి. నేను చెప్పిన లెక్కలు ఆస్ట్రేలియా, కెనడా, అమెరికాలవి. అక్కడ పిల్లలు పెద్దయ్యాక ఇల్లు వదిలి వెళ్లిపోవడం మామూలు. మన దగ్గర 40 ఏళ్ల కొడుకు, 71 ఏళ్ల తండ్రి ఒకే హాల్లో ఒకే టీవీ చూస్తారు. చేను మారితే లెక్క మారుతుంది. ఆ శాతాలను తెచ్చి మన ఇళ్లకు యథాతథంగా అతికించకూడదు. కవలల అధ్యయనాల మీద మరో అభ్యంతరం కూడా ఉంది: ఒకేలా ఉన్న కవలలకు ఒకే గౌను తొడుగుతారు, ఒకరిని చూసి మరొకరని పిలుస్తారు, అందుకే ఒకేలా ఆలోచిస్తారేమో అని. ఇది న్యాయమైన అభ్యంతరమే. దీనికి కొంత సమాధానం పుట్టగానే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలల దగ్గర దొరికింది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బౌచర్డ్ 1979లో మొదలుపెట్టిన అధ్యయనంలో అలాంటి జతలను వెతికి పట్టుకున్నారు. దేవుడు, మతం పట్ల ఆసక్తిలో ఉన్న తేడాల్లో దాదాపు సగం జన్యువుల వల్ల అని వాళ్ల లెక్కలో తేలింది.

నాకూ అలాంటి ఒక జత తారసపడింది. ఆ అనుభవం తర్వాత ఈ విషయాన్ని నేను చూసే తీరే మారింది. ఒకేలా ఉన్న అక్కచెల్లెళ్లు. పిల్లలు లేని పెద్దమ్మకు ఒకరిని పెంపకానికి ఇచ్చారు, ఆమె ఇక్కడ మల్లేశ్వరంలో పెరిగింది. రెండో ఆమె కడప జిల్లాలో పల్లెలో పెరిగింది. వయసు 35 దాటాక తల్లి ఆస్తి పంపకం గొడవతో ఇద్దరూ నా ముందు కూర్చున్నారు. పల్లెలో పెరిగిన ఆమె శనివారం ఉపవాసం, ఏడాదికోసారి కాలినడకన తిరుమల. ఇక్కడ పెరిగిన ఆమెకు దేవుడు లేడు. లేడంటే మామూలుగా లేడు కాదు, ఇంట్లో పటం పెట్టనివ్వదు, పెళ్లి కూడా రిజిస్ట్రారు ఆఫీసులోనే చేసుకుంది. ఇద్దరి అభిప్రాయాలూ ఉత్తరం, దక్షిణం. కానీ ఇద్దరూ మాట్లాడేటప్పుడు కళ్లు అదే తీరుగా ఎర్రబడటం, ఎదుటివాళ్లు మాట పూర్తి చేయకముందే జవాబు రావడం, రాజీ అన్న మాట వింటేనే ఒళ్లు బిగుసుకుపోవడం చూశాను. ఒక్క జతతో ఏదీ రుజువు కాదు, నాకు తెలుసు. అయినా వాళ్లు ఏం నమ్ముతున్నారన్నది పెరిగిన ఇల్లు ఇచ్చింది, ఎంత గట్టిగా నమ్ముతున్నారన్నది మాత్రం ఇద్దరూ పుట్టేటప్పుడే తెచ్చుకున్నట్టుంది అని అప్పుడు అనిపించింది. వాళ్లలో ఎవరి నమ్మకాన్నీ నేను కదిలించలేదు. "మీ ఇద్దరికీ ఒకే మంట ఉంది" అని చెప్పాను. ఆ మాటకు ఇద్దరూ ఒకేసారి ఏడ్చారు. ఆస్తి సంగతి తర్వాత నాలుగు సిట్టింగుల్లో తేలిపోయింది.

మరి జన్యువు అభిప్రాయం దాకా ఎలా వస్తుంది? ఉరిశిక్ష కోసం ఒక జన్యువు, మొండితనం కోసం ఒక జన్యువు ఉండవు. ఒక్కో గుణం వెనక వేల జన్యువులు తలా కాస్త చేయి వేస్తాయి. డీఎన్‌ఏ పరీక్ష చేసి మీ పిల్లల స్వభావం చెప్తామని ప్రకటనలు ఇచ్చేవాళ్లకు దయచేసి డబ్బు కట్టకండి. దారి వేరే ఉంది, అది శరీరం గుండా వెళ్తుంది. టెస్సరే ఇలా ఆలోచించాడు: ఇంద్రియాలు ఎంత చురుగ్గా పనిచేస్తాయి, ఎంత త్వరగా భయం వేస్తుంది, ఎంత త్వరగా కోపం వస్తుంది, కొత్తదనం ఎంత ఇష్టం అన్నవి పుట్టుకతో వస్తాయి, వాటి మీద అభిప్రాయాలు పేరుకుంటాయి.

మీ పాప క్యాబేజీ దీనికి మంచి ఉదాహరణ. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాల్లోకి లేచింది. పక్కనున్నవాడు "ఎంత చేదు" అన్నాడు, ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఆ తేడా కుటుంబాల్లో వారసత్వంగా వస్తుందని తర్వాత తేలింది. చేదును పట్టే ఒక జన్యువు (టీఏఎస్2ఆర్38 అంటారు) కొందరిలో ఒక రకంగా, కొందరిలో ఇంకో రకంగా ఉంటుంది. క్యాబేజీ, ఆవాల జాతి కూరల్లో ఉండే కొన్ని పదార్థాలు కొందరి నాలుకకు ఎక్కువ చేదు, కొందరికి అసలు తెలియదు. మీకు కమ్మగా ఉన్న కూర పాప నోట్లో చేదుగా ఉండవచ్చు. మీరు దాన్ని మొండితనం అంటున్నారు, పాపకు మాత్రం అది కళ్లెదుట కనిపించే నిజం లాంటిది. నాలుక చెప్పిన సాక్ష్యాన్ని నాన్న మాట కోసం ఎవరు వదులుకుంటారు?

పెద్దవాళ్లలో ఇదే మరింత లోతుగా ఉంటుంది, బయటికి తర్కంలా కనిపిస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయనను కూతురు తీసుకొచ్చింది. కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్‌కు ఒప్పుకోడు. "ఆసుపత్రులన్నీ దోపిడీ" అన్నది ఆయన అభిప్రాయం, దానికి ఆయన దగ్గర బోలెడు కథలు. కూతురు అంతకంటే ఎక్కువ వివరాలతో ఏడాదిపాటు వాదించింది. నేను దోపిడీ సంగతి ఎత్తలేదు. చిన్నప్పుడు సూది వేయించుకున్న రోజు గుర్తుందా అని అడిగాను. కాసేపు ఆగి, స్కూల్లో టీకా వేసిన రోజు పడిపోయానని చెప్పాడు. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆయన తండ్రికీ అంతే, కూతురికీ అంతే. రక్తం, సూదులు చూస్తే స్పృహ తప్పే ఈ భయం కుటుంబాల్లో వస్తుందన్నది మాకు బాగా తెలిసిన సంగతి. ఆ క్షణంలో రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. స్వీడన్‌కు చెందిన లార్స్-గోరాన్ ఓస్ట్ 1980ల్లో దీనికి ఒక పద్ధతి రూపొందించాడు: చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను 10 నుంచి 15 సెకన్లు గట్టిగా బిగించి వదలడం, మళ్లీ బిగించడం. దానివల్ల రక్తపోటు నిలుస్తుంది, మనిషి పడిపోడు. ఆయన డాక్టర్లను అడిగి, సరేనన్నాకే నేర్పించాను. ఐదారు వారాలు సాధన చేశాడు. ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆసుపత్రులన్నీ దోపిడీ అని ఇప్పటికీ అంటాడు! చూపు మాత్రం వచ్చింది. ఆ కూతురు ఏడాదిపాటు కొమ్మలు నరికింది, వేరు కింద ఉండిపోయింది.

ఇక మీ మూడు గొడవల దగ్గరికి. మూడూ ఒక రకం కావు.

ఉరిశిక్ష: పైన చెప్పినట్టు జన్యువుల పాలు, ధర్మాధర్మాల రంగు రెండూ ఎక్కువున్న విషయం. ఈ ఇంట్లో దీన్ని తేల్చాల్సిన అవసరం ఎవరికీ లేదు. సుప్రీంకోర్టు 1980లో బచన్ సింగ్ కేసులో "అత్యంత అరుదైన కేసుల్లోనే" అని చెప్పాక కూడా దేశంలో దీని మీద వాదన ఆగలేదు, మీ హాల్లో ఆగుతుందా? వదిలేయండి.

డబ్బు: రిస్క్ తీసుకునే గుణంలో కూడా జన్యువుల పాలు కొంత ఉంది. స్వీడన్ కవలలతో చేసి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అది ఐదో వంతు దాకా వచ్చింది, అంటే పెద్దగా ఏమీ కాదు. మీరే ఒక ముక్క రాశారు, రాసి దాటిపోయారు: 90ల్లో ఎవరో చిట్టీ ఎత్తేసి పారిపోతే నాన్నగారి డబ్బంతా పోయిందని. పట్టు పుట్టుకతోనే రానక్కర్లేదు. కళ్లారా చూసి, ఒళ్లు కాలి తెచ్చుకున్న అభిప్రాయం కూడా అంతే గట్టిగా ఉంటుంది. టీచరు జీతంలో కూడబెట్టిన డబ్బు పోయిన మనిషి "భూమి, బంగారం తప్ప ఏదీ నమ్మను" అంటే అది వంశం లక్షణం ఎలా అవుతుంది? అది గాయం. జీన్స్ అని తోసేస్తే ఆ గాయాన్ని చూడటం మానేసినట్టే.

బయటి తిండి: ఇందులో సగం ఆయన కడుపు చెప్తున్న మాట, సగం అమ్మగారు లేరన్న బాధ అనిపిస్తోంది. తప్పు కావచ్చు. అడిగి చూడండి.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి నేను వాడే చిన్న పద్ధతి ఒకటుంది. పది విషయాలు మామూలు కబుర్లలా అడగండి. జవాబు ఎంత వేగంగా వస్తుందో, ఎంత వేడిగా వస్తుందో చూడండి. మీ ప్రశ్న పూర్తి కాకముందే వచ్చే జవాబు లోపలి స్వభావం నుంచో, పాత దెబ్బ నుంచో వస్తోంది. కాస్త ఆలోచించి, "వాట్సాప్‌లో చూశాను, అలా అంటున్నారు" అంటే అది పైపైన ఉన్నది, మంచి సమాచారం ఇస్తే మారుతుంది. మీ ఓపికను ఈ రెండో రకం మీద పెట్టండి. మొదటి రకం దగ్గర అభిప్రాయాన్ని వదిలేసి కింద ఉన్నదాన్ని అడగండి.

అడిగే తీరు కూడా ముఖ్యం. 1983లో విలియం మిల్లర్ తాగుడు సమస్య ఉన్నవాళ్లతో పనిచేసిన అనుభవం నుంచి ఒక సంభాషణ పద్ధతి రాశాడు, దాన్ని తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచాడు. అవతలివాళ్లను మనం ఒకవైపు లాగితే వాళ్లు రెండోవైపు గట్టిగా లాగుతారు, కాబట్టి మార్పుకు కారణాలు వాళ్ల నోటి నుంచే రావాలన్నది దాని ప్రాణం. నేను దాదాపు రోజూ వాడతాను. మీరు ఇలా అడగొచ్చు: "నాన్నా, ఈ ఫండ్ల మీద మీకు పదికి ఎంత నమ్మకం?" ఆయన "రెండు" అంటారనుకోండి. "రెండేనా" అనకండి. "సున్నా ఎందుకు అనలేదు?" అని అడగండి. ఆ రెండు మార్కులను ఆయనే సమర్థించుకుంటారు. ఆ మాటలు మీరు చెప్పే వంద మాటల కంటే ఆయన చెవికి బాగా వినిపిస్తాయి. నలుగురి ముందు మాత్రం అడగొద్దు. కోడలి ముందు, మనవరాలి ముందు మాట వెనక్కి తీసుకోవడం ఆ తరం మగవాళ్లకు చాలా కష్టం.

పాప గురించి. ఎనిమిదేళ్లకు ఏ నిర్ణయానికీ రావద్దు. 2009లో పీటర్ హటెమి బృందం ప్రచురించిన అధ్యయనంలో, రాజకీయ అభిప్రాయాల విషయంలో చిన్నవయసు నుంచి 20 ఏళ్ల దాకా ఇంటి వాతావరణమే నడిపించిందని, ఇల్లు వదిలాకే జన్యువుల ప్రభావం బయటపడిందని తేలింది. నాలుక రుచులు, బెదురు, చురుకు లాంటివి ముందే కనిపిస్తాయి, కానీ పాప ఏం నమ్ముతుంది, ఎలా వాదిస్తుంది అన్నవి ఇప్పటికి మీ హాల్లో చూసి నేర్చుకుంటున్నవే. తాత, నాన్న గొంతులు లేచి, తర్వాత రెండు వారాలు మాట్లాడుకోకపోవడం కూడా పాప చూస్తోంది.

ఇంకో మాట, ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక తల్లి 12 ఏళ్ల కొడుకును తీసుకొచ్చింది. తండ్రి తాగుబోతు, ఇల్లు వదిలి వెళ్లాడు. కొడుకు ఏదన్నా పట్టుబడితే వదలడం లేదని ఆమె బాధ. స్వభావంలో కొంత వారసత్వంగా వస్తుందని, అది ఆమె పెంపకం లోపం కాదని, ఓదార్పుగా చెప్పాను. ఆమె ఇంటికి వెళ్లి, ఏ చిన్న గొడవ వచ్చినా "నువ్వు అచ్చం మీ నాన్నవే, డాక్టరమ్మే చెప్పింది" అనడం మొదలుపెట్టింది. ఏడాది తర్వాత ఆ అబ్బాయి నా ముందు కూర్చుని, "నేను ఎలాగూ ఆయనలాగే అవుతాను కదా" అన్నాడు. ఆ గొంతు నేను మర్చిపోలేదు. ఆ అబ్బాయి మనసులోంచి ఆ మాట తీయడానికి నాకు చాలా కాలం పట్టింది. అప్పటి నుంచి పిల్లల ముందు "రక్తం", "జీన్స్", "అచ్చం వాళ్లలాగే" అన్న మాటలు వాడనివ్వను. మీ ఆవిడ సరదాగానే అంటూ ఉండవచ్చు. అయినా పాప వినేలా అనవద్దని చెప్పండి. క్యాబేజీకి బదులు బీరకాయో సొరకాయో చేస్తే ఆ గొడవ ఆ పూటకే అయిపోతుంది.

మీ నాన్నగారిది ఎప్పుడూ ఇదే తీరా, లేక ఈ ఏడాది రెండేళ్లలో బాగా పెరిగిందా అన్నది మీరు రాయలేదు. మొదటి నుంచీ ఇంతే అయితే నేను పైన రాసినదంతా సరిపోతుంది. ఇటీవల కొత్తగా పెరిగి ఉంటే, నిద్ర తగ్గినా, చెప్పిందే చెప్తున్నా, పేర్లు మర్చిపోతున్నా, జీన్స్ సంగతి పక్కన పెట్టి ఒకసారి డాక్టరుకు చూపించండి. భార్య పోయిన తర్వాత మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు కోపంలా కనిపిస్తుంది. వినికిడి తగ్గినా అంతే, సగమే వినిపించినప్పుడు మనిషి గట్టిగా అరుస్తాడు, తన మాటే పట్టుకుంటాడు. ఈ రెండూ నేను తరచుగా చూస్తాను.

ఆ రెండు వారాల మౌనం సంగతి. ఈ రాత్రి భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, ఆయన పక్కన కూర్చోండి. ఫండ్ల గురించీ ఉరిశిక్ష గురించీ ఎత్తకండి. "నాన్నా, ఆ చిట్టీ పోయిన రోజు ఇంటికొచ్చి అమ్మకు ఎలా చెప్పారు?" అని అడగండి. అడిగి, ఎంతసేపు పట్టినా ఆయన్ను చెప్పనివ్వండి.